బ్రోమోఫారంలో తేలాల్సిన క్వార్ట్జ్ మునుగుతోందా?

భీమిలి తీరపు నల్ల ఇసుకను, బ్రోమోఫారం అనే బరువైన ద్రవం పోసిన సెపరేటింగ్ ఫన్నెల్‌లో (అడుగున కుళాయి ఉన్న గాజు గరాటులో) వేశారు. ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్ లాంటి హెవీ మినరల్సే (బరువైన ఖనిజాలే) అడుగుకు దిగాలి, తేలికైన క్వార్ట్జ్ పైన తేలాలి. దిగినదాన్ని ఆరబెట్టి మైక్రోస్కోప్ కింద పెడితే సగానికి సగం గాజుపలుకుల్లాంటి క్వార్ట్జే. హెవీ మినరల్స్ శాతం అమాంతం పెరిగిపోయింది.

శాంపిల్‌ను అనుమానించి మళ్లీ తీరానికి బయలుదేరకండి. ముందు ద్రవాన్ని తూచండి. 25 మి.లీ. ఫ్లాస్కును ఖాళీగా ఒకసారి, గీత దాకా బ్రోమోఫారం పోసి ఒకసారి తూచండి. సాంద్రత మి.లీ.కి 2.89 గ్రాములు కాబట్టి తేడా 72 గ్రాముల దరిదాపుల్లో రావాలి. ఆల్కహాల్ కలిపి అమ్మిన సీసా 71 చూపినా ఫర్వాలేదు. 70కి తగ్గితే వాడకండి. సీసా మీద 2.89 అని రాసుందిగా అని ఈ రెండు నిమిషాల పని మానేసేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది.

తూకం తగ్గిందంటే, రేణువులను కడగడానికి వాడే అసిటోన్ అందులో కలిసినట్టే. అదెలా కలుస్తుందో నాకు తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఫన్నెల్ అడుగున ఉన్న కుళాయి (స్టాప్‌కాక్) తిప్పి మునిగిన రేణువులను ఫిల్టర్ పేపర్ మీదికి దించుతాం. కింది బీకరులో చేరే బ్రోమోఫారాన్ని మళ్లీ వాడతాం. తర్వాత పేపర్‌ను అసిటోన్‌తో కడుగుతాం. ఆ కడుగు పడకముందే బీకరు మార్చాలి. నేను మార్చలేదు. శాంపిల్‌కు 4 మి.లీ. చొప్పున అసిటోన్ 100 మి.లీ. బ్రోమోఫారంలోకి జారిపోయింది. అసిటోన్ సాంద్రత 0.79 మాత్రమే. ద్రవం 2.89 నుంచి 2.81కి, తర్వాత 2.73కి, 2.67కి, 2.60కి దిగింది. క్వార్ట్జ్ 2.65. అందుకే మొదటి మూడు శాంపిళ్లు శుభ్రంగా విడిపోయాయి, నాలుగోదానిలో రేణువులు మధ్యలోనే వేలాడాయి, అయిదోది మొత్తం మునిగింది. తప్పు అయిదో శాంపిల్‌దే అనుకుని దాన్నే మళ్లీ మళ్లీ కడిగాను. అసిటోన్‌తో కడిగి తడి ఆరకుండా వాడిన ఫన్నెల్ కూడా ఇదే పని చేస్తుంది.

చెడిన ద్రవాన్ని పారేయకండి. ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిరిని బయటికి లాగే ల్యాబ్ గూటిలోనే), పెద్ద ఫన్నెల్‌లో నీళ్లు పోసి బాగా కలిపి నిలవనివ్వండి. అసిటోన్ నీళ్లలోకి పోతుంది, బ్రోమోఫారం అడుగున చేరుతుంది. కింది పొరను దించుకుని కొత్త నీళ్లతో నాలుగైదుసార్లు ఇలాగే చేయండి. ఆ నీళ్లను సింక్‌లో పోయొద్దు, వ్యర్థాల డబ్బాలో పోయండి. చివర్లో కాల్షియం క్లోరైడ్‌తో తేమ లాగి, వడకట్టి, మళ్లీ తూచండి. తేమ కోసం పొటాషియం హైడ్రాక్సైడ్ మాత్రం వేయకండి. క్షారం తగిలితే అసిటోన్, బ్రోమోఫారం కలిసి భగ్గున వేడెక్కుతాయి, పేలే ప్రమాదం ఉంది.

తూకం సరిగ్గా ఉన్నా అడుగున తెలుపు కనిపిస్తే గవ్వ ముక్కలేమో చూడండి. అందులోని అరగొనైట్ 2.93, మంచి బ్రోమోఫారంలోనూ మునుగుతుంది. ఒక చుక్క ఆమ్లానికి బుసబుసా పొంగుతుంది. ఇసుకను ముందే పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి ఆరబెట్టుకోండి.

విశాఖ ఎండాకాలపు వేడికి సాంద్రత తగ్గేది 2.85 దాకానే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ద్రవం గోధుమరంగుకు తిరిగితే వెలుతురు తగిలి బ్రోమిన్ విడుదలైందన్నమాట. ముదురురంగు సీసాలోకి మార్చండి.