బీకాం చదివి బిట్‌కాయిన్ కోడ్‌లోకి ఎలా రావాలి: బెజవాడ నుంచి మొదలుపెట్టేవాళ్ళకి

మొన్న గవర్నర్‌పేటలో టీ తాగుతుంటే మా అన్నయ్య కొడుకు అడిగాడు, "బాబాయ్, నేను బీటెక్ కాదు, అమీర్‌పేట వెళ్ళి కోచింగ్ తీసుకునే డబ్బుల్లేవు, నీలాగా ఇంట్లో కూర్చుని ఓపెన్ సోర్స్ పని చేయడం నాకొస్తదా" అని. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ కనపడేట్టు ఉంటది, ఎవరైనా చూసి దిద్ది పంపొచ్చు. అక్కడే నిలబడి అరగంట చెప్పా, సగం కూడా అవ్వలేదు, మిగతాదంతా ఇక్కడ రాస్తున్నా, మీలో ఎవరికైనా పనికొస్తే వాడుకోండి.

నేను చదివింది బీకాం. మా నాన్న వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో గుమస్తా. రాత్రి షట్టర్ సగం దించాక చిట్టా ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు ఆవర్జాలో, అంటే ఖాతాల పుస్తకంలో, టిక్కులు పెట్టుకుంటూ పోయేవాళ్ళు, తాళా పడేదాకా, అంటే రెండు లెక్కలూ సరిపోయేదాకా, ఎవరూ ఇంటికి కదిలేవాళ్ళు కాదు, నేను గోతాల మీద కూర్చుని చూస్తుండేవాణ్ణి. "రాసినోడే సరిచూస్తే తప్పు దొరకదు నాన్నా, కళ్ళు మారాలి" అనేవాడు. తర్వాత ఎప్పుడో బిట్‌కాయిన్ గురించి చదివితే నాకు వెంటనే ఎక్కింది ఇదే, అదొక ఆవర్జా, దాని కాపీ ప్రపంచంలో ఎవరైనా పెట్టుకోవచ్చు, పెట్టుకున్న ప్రతివాళ్ళూ ప్రతి ఎంట్రీని సొంతంగా తాళా చూసుకుంటారు, ఎవరి మాటా నమ్మక్కర్లేదు. అందుకే ఈ ఫీల్డ్‌లోకి సరిచూసేవాళ్ళలాగా రండి, రాయడం దానంతటదే వస్తది. నేను కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటది.

ముందు ఒక మాట, ఏ కాయినూ కొనకండి. నేర్చుకోవడానికి ఒక్క రూపాయి కాయిన్ కూడా అక్కర్లేదు, కొన్న మరుక్షణం నుంచి కళ్ళు కోడ్ మీద ఉండవు, రేటు మీద ఉంటాయి, నాకు తెలిసినవాళ్ళు ముగ్గురు ఇలాగే చదువు వదిలేశారు.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చాలు, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉండాలి. విండోస్ బదులు డెబియనో ఉబుంటూనో వేసుకోండి, పైథాన్ మొదలుపెట్టండి, కోడ్‌లో ఏది ఎప్పుడు మార్చామో రాసి పెట్టుకునే గిట్ కూడా దాంతోపాటే. వీడియోలు చూస్తూ కూర్చోవద్దు, మీ ఇంటి ఖర్చుల చిట్టా రాసే చిన్న ప్రోగ్రాం మీరే రాయండి, పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు, అంతే. అది రాసేటప్పుడు ఒక చోట కచ్చితంగా తగులుకుంటారు, నేనూ తగులుకున్నా. రూపాయల్ని పైసల్లోకి మార్చడానికి పైథాన్‌లో 0.29 ని 100 తో గుణించి ఇంట్ చేయండి, అంటే పూర్ణాంకంగా మార్చండి, 29 రావాలిగా, 28 వస్తది. ఇప్పుడే టైప్ చేసి చూడండి. కంప్యూటర్ 0.29 ని కచ్చితంగా దాచుకోలేదు, బైనరీలో దానికి దగ్గర్లో ఉన్న అంకె దాచుకుంటది, గుణిస్తే 28.999999999999996 వస్తది, ఇంట్ చేస్తే చుక్క తర్వాతదంతా కోసేసిద్ది, ఒక పైసా గాల్లో కలిసిపోద్ది. నాకు ఇది కనపడిన రాత్రి నిద్ర పట్టలేదు, మా నాన్న కొట్లో అయితే ఆ పైసా కోసం పన్నెండింటి దాకా కూర్చునేవాళ్ళు. అందుకే డబ్బు లెక్క ఎప్పుడూ అతి చిన్న యూనిట్‌లో, పూర్ణాంకాల్లో పెట్టుకోవాలి, మనకి పైసలు, బిట్‌కాయిన్‌కి సతోషీలు, 10 కోట్ల సతోషీలు ఒక బిట్‌కాయిన్. నా మొట్టమొదటి ప్యాచ్, అంటే వేరేవాళ్ళ కోడ్‌కి చేసి పంపిన దిద్దుబాటు, ఇదే, కాయిన్లు పంపడానికీ తీసుకోవడానికీ వాడే ఒక చిన్న వాలెట్ ప్రాజెక్ట్‌లో ఎవరో 0.29 బిట్‌కాయిన్‌ని ఇలాగే గుణించి కోసేశారు, ఒక్క సతోషీ తక్కువ వెళ్తోంది, మూడు లైన్లు మార్చా, వారం తర్వాత కలుపుకున్నారు. ఆ రోజు ప్రకాశం బ్యారేజీ మీద నడుచుకుంటూ ఆ చివర దాకా పోయొచ్చా, ఎవరికి చెప్పినా అర్థం కాదు, అంత సంతోషం.

పైథాన్, గిట్ చేతికి వచ్చాక, అంటే నాలుగైదు నెలలు అనుకోండి, బిట్‌కాయిన్ కోర్ దింపుకోండి, ఆ ఆవర్జా కాపీ పెట్టుకుని తాళా చూసే ప్రోగ్రాం అదే. దింపాక దాని షా256 మొత్తం, అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె, వాళ్ళిచ్చిన లిస్టుతో సరిపోయిందో లేదో చూడండి, ఆ లిస్టు మీద డెవలపర్ల సంతకాలు కూడా సరిచూడండి, గంట పట్టినా పర్లేదు, తాళా చూడటం అక్కణ్ణుంచే మొదలు. మొత్తం చైన్, అంటే మొదటి నుంచి ఉన్న ఎంట్రీలన్నీ బ్లాకులుగా పేర్చిన వరస, దింపాలంటే 600 జీబీ పైనే ఉంటది, మన దగ్గర అంత డిస్క్ ఉండదు, డేటా కూడా ఉండదు, కంగారు పడకండి, రెగ్‌టెస్ట్ అని ఒక మోడ్ ఉంది, అందులో చైన్ మొత్తం మీ ల్యాప్‌టాప్‌లోనే, నెట్ కూడా అక్కర్లేదు, మైనర్ కూడా, అంటే కొత్త బ్లాకు చేర్చి దానికి కాయిన్లు రివార్డ్‌గా తీసుకునేవాళ్ళు కూడా, మీరే. వాలెట్ ఒకటి సృష్టించి, కొత్త అడ్రస్ తీసుకుని, ఆ అడ్రస్‌కి 101 బ్లాకులు జనరేట్ చేయమనండి, క్షణాల్లో అయిపోద్ది. బ్యాలెన్స్ చూస్తే 50 కనపడిద్ది. బ్లాకుకి 50 చొప్పున 101 బ్లాకులకి 5,050 రావాలిగా మరి 50 ఏంటి అని నేను రెండు రోజులు కొట్టుకున్నా, ఎందుకంటే మైనింగ్‌లో వచ్చిన కాయిన్ దాని మీద ఇంకో 100 బ్లాకులు పడితేగానీ ఖర్చుపెట్టనివ్వరు, మొదటి బ్లాకుదే పండింది, మిగతావన్నీ ఇంకా పచ్చివి. అలాగే జనరేట్ చేసుకుంటూ పోండి, 150 దాటాక రివార్డ్ 25 కి పడిపోద్ది, అసలు నెట్‌వర్క్‌లో ఇదే పని 210,000 బ్లాకులకోసారి జరుగుద్ది, 2009 లో 50 తో మొదలై 2024 ఏప్రిల్ నుంచి 3.125 దగ్గర ఉంది. ఇది ఎవరో చెబితే విన్నదానికీ మీ చేత్తో 150 దాటించి చూసినదానికీ చాలా తేడా ఉంటది.

ఇంక చదవడం. బిట్‌కాయిన్ కోర్ సీ ప్లస్ ప్లస్‌లో ఉంటది, కానీ దాన్ని పరీక్షించే ఫంక్షనల్ టెస్టులన్నీ పైథాన్‌లోనే, కాబట్టి ముందు టెస్టులు చదవండి, ఏం జరగాలో అక్కడ మామూలు భాషలో ఉన్నట్టే ఉంటది. ఆ తర్వాత సీ ప్లస్ ప్లస్‌లో చెక్ ట్రాన్సాక్షన్ అనే చిన్న ఫంక్షన్ ఒకటి ఉంటది, దాంతో మొదలుపెట్టండి, ఒక గంటలో చదవొచ్చు, కానీ నేను నెల రోజులు దాని చుట్టూనే తిరిగా. అందులో రెండు పాత గాయాల మచ్చలున్నాయి. ఒకటి 2010 ఆగస్టు 15 ది, 74,638 నంబర్ బ్లాకులో ఎవరో రెండు భారీ అంకెలు పెట్టారు, రెండూ కూడితే 64 బిట్ల గడి దాటి పొర్లిపోయి మొత్తం మైనస్‌లోకి వెళ్ళింది, ఉన్నదానికంటే ఎక్కువ ఖర్చు పెడుతున్నాడా అన్న చెక్ దాన్ని పట్టుకోలేదు, అసలు ఉండాల్సిందే 2 కోట్ల 10 లక్షల కాయిన్లయితే ఒక్క దెబ్బతో 18,446 కోట్ల కాయిన్లు పుట్టుకొచ్చాయి. గంటల్లో సరిచేశారు, ఆ చైన్‌ని పక్కనపెట్టారు. ఇప్పుడు ఆ ఫంక్షన్‌లో ప్రతి అంకెనీ, కూడిన ప్రతిసారీ మొత్తాన్నీ హద్దులో ఉందా లేదా అని చూసే లైన్లు అందుకే ఉన్నాయి. రెండోది, ఒకే కాయిన్‌ని ఒకే లావాదేవీలో రెండుసార్లు వాడారా అని చూసే చెక్, స్పీడ్ కోసమని బ్లాకుల్ని చూసేటప్పుడు దాన్ని దాటేశారు, పెద్ద పెద్దవాళ్ళు చూసి సరే అన్నారు, 2018 సెప్టెంబర్‌లో ఒకరు కనిపెట్టేదాకా తెలియలేదు, 0.16.3 వెర్షన్‌లో తిరిగి పెట్టారు. ఇది చదివాక నాకు భయం పోయింది. అంత గొప్పవాళ్ళ కళ్ళకి కూడా ఆననివి ఉంటాయంటే ఇంకో జత కళ్ళకి అక్కడ చోటుంటది కదా.

అందుకే ప్యాచ్ రాయడానికి ముందు వేరేవాళ్ళ ప్యాచ్‌లు రివ్యూ చేయండి. రాసేవాళ్ళు ఎక్కువ, చూసేవాళ్ళు తక్కువ, ఏ ప్రాజెక్ట్‌లో అయినా ఇంతే. చిన్న పుల్ రిక్వెస్ట్, అంటే ఈ మార్పు కలుపుకోండి అని ఎవరో పంపినది, ఒకటి ఎంచుకోండి, దాన్ని మీ మెషిన్‌లో బిల్డ్ చేయండి, బిల్డ్ కమాండ్‌లో జే 8 అని పెట్టి ఒకేసారి ఎనిమిది కంపైల్ చేయిస్తే 8 జీబీ ర్యామ్ నిండిపోయి మధ్యలో చచ్చిపోద్ది, జే 2 చాలు, ఎండాకాలం అయితే ఫ్యాన్ కింద పెట్టి భోజనానికి వెళ్ళిపోండి. టెస్టులు నడపండి. తర్వాత ఆ ప్యాచ్ మార్చిన లైన్‌ని కావాలని పాడుచేసి టెస్టులు మళ్ళీ నడపండి, టెస్ట్ ఫెయిల్ అవ్వాలి, అవ్వలేదంటే ఆ టెస్ట్ అసలు ఏమీ చూడట్లేదన్నమాట, మీకు చెప్పడానికి ఒక మాట దొరికింది. అప్పుడు ఏ కమిట్, అంటే గిట్‌లో ఎక్కిన ఏ మార్పు, చూశారో దాని హాష్, అంటే దాని గుర్తు నంబర్, ఏ సిస్టమ్ మీద, ఏం చేసి చూశారు, ఏం వచ్చింది, నాలుగు లైన్లు రాయండి. ఏక్ అని ఒక మాట వాడతారు అక్కడ, చూశాను ఒప్పుకుంటున్నాను అని, అది చూడకుండా పెట్టొద్దు, సంతకం లాంటిది. ఇంగ్లీష్ గురించి బెంగ వద్దు, నేను తెలుగు మీడియమే, చిన్న చిన్న వాక్యాలు రాస్తా, ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు. జవాబు రావడానికి రెండు వారాలు పట్టొచ్చు, మళ్ళీ మళ్ళీ కదిలించకండి. తోడు కావాలంటే బిట్‌శాల అని మన దేశంలోనే ఒక గ్రూపు ఉంది, కలిసి చదువుకునే బ్యాచ్‌లు పెడతారు.

డబ్బుల సంగతి. మొదటి ఏడాది రావనుకోండి, ఇంట్లో కూడా అలాగే చెప్పండి, నేను ఆ ఏడాదిన్నర పొద్దునపూట ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ట్యాలీ ఎంట్రీలు కొట్టా. తర్వాత దారులున్నాయి, ఓపెన్ సోర్స్ పని చేసినందుకు గూగుల్ డబ్బులిచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, 2022 నుంచి కాలేజీ స్టూడెంట్స్ కానివాళ్ళని కూడా తీసుకుంటున్నారు, 18 నిండాలి. బిట్‌కాయిన్ వైపు బ్రింక్, ఓపెన్‌శాట్స్ లాంటి సంస్థలు గ్రాంట్లు ఇస్తాయి, అక్కడ డిగ్రీ కంటే మీరు చేసిన రివ్యూలు చూస్తారు, అన్నీ అందరికీ కనపడేట్టే ఉంటాయి కాబట్టి దాచేదీ ఉండదు, పెంచి చెప్పేదీ ఉండదు.

ఇక్కడొకటి చెప్పాలి. పేరు కాస్త బయటికి రాగానే ఉద్యోగం ఇస్తామని మెసేజ్‌లు మొదలవుతాయి. నాకూ వచ్చింది, ఇంటర్వ్యూ బాగా చేశారు, మర్యాదగా మాట్లాడారు, చివర్లో ఒక అసైన్‌మెంట్, ఈ కోడ్ దింపి నడిపి ఒక బగ్ సరిచేయండి అని. నడిపా. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే దానంతటదే నడిచే స్క్రిప్ట్ ఒకటి లోపల పెట్టారు, అది నా బ్రౌజర్‌లో ఉన్న వాలెట్ కీ ఎత్తుకుపోయింది, మూడు నెలల సంపాదన తెల్లారేసరికి లేదు, ఫిర్యాదు చేసినా ఆ డబ్బు తిరిగి రాలేదు. ఊళ్ళో అందరి కోడ్ సరిచూసేవాణ్ణి దాన్ని మాత్రం చూడకుండా నడిపా, ఇప్పటికీ బాధే. కాబట్టి తెలియనివాళ్ళ కోడ్ ఏదైనా వర్చువల్ మెషిన్‌లోనే, అంటే ల్యాప్‌టాప్ లోపల విడిగా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లోనే, తెరవండి, ప్యాకేజీలు దింపేటప్పుడు స్క్రిప్టులు నడవకుండా ఆపే ఆప్షన్ ఉంటది అది పెట్టండి, పని చేసే ల్యాప్‌టాప్‌లో డబ్బున్న వాలెట్ అసలు ఉంచొద్దు.

పన్ను విషయం త్వరగా చెప్పేస్తా. జీతం క్రిప్టోలో వస్తే, వచ్చిన రోజు రూపాయల్లో విలువ ఎంతో అదే రోజు రాసి పెట్టుకోండి, అది మీ ఆదాయం. తర్వాత అమ్మితే లాభం మీద 30 శాతం, 2022 ఏప్రిల్ 1 నుంచి, పైన సెస్సు, ఒకదాంట్లో నష్టం వచ్చిందని ఇంకోదాంట్లో తీసేసుకోనివ్వరు, అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ కూడా పట్టుకుంటారు, అది 2022 జూలై నుంచి. వీలుంటే బ్యాంకుకే డాలర్లుగా పంపమనండి, బ్యాంకిచ్చే రెమిటెన్స్ కాగితం దాచుకోండి, మార్చి దాకా ఆగకుండా ముందే ఆడిటర్ గారిని కలవండి.

చివరిది పన్నెండు పదాలు. వాలెట్ ఇచ్చే ఆ పదాలు 2,048 పదాల లిస్టులోంచి వస్తాయి, అవి ఎవరి దగ్గరుంటే డబ్బు వాళ్ళది. ఫోన్‌లో ఫోటో తీయొద్దు, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు. కాగితం మీద రాస్తే చాలనుకునేవాణ్ణి నేను కూడా, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగేదాకా. మా ఫ్రెండ్ వాళ్ళ ఇంట్లో బీరువా కింది అర నిండా నీళ్ళు, ఆ అరలోనే కాగితం, నీళ్ళు తీశాక చూస్తే ఇంకు మొత్తం నీలం మరకైపోయింది, పన్నెండింట్లో నాలుగు పదాలు కూడా చదవలేకపోయాం. ఆ మర్నాడు నేను స్టీలు పళ్ళెం ఒకటి, ఇనప అక్షరాల పంచ్ సెట్టు ఒకటి కొన్నా. పెళ్ళి గిన్నెల మీద పేర్లు కొట్టినట్టు కొట్టాలి, కానీ కొట్టువాడి చేత కొట్టించొద్దు, మీరే తలుపేసుకుని సుత్తితో కొట్టుకోండి, ఒక్కో పదానికి మొదటి నాలుగు అక్షరాలు చాలు, ఆ లిస్టులో మొదటి నాలుగు అక్షరాలు కలిసే పదాలు రెండు ఉండవు. రెండు పళ్ళేలు చేయండి, ఒకటి ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్ళో నమ్మకమైనవాళ్ళ దగ్గర సీల్ చేసి. కొట్టడం అయ్యాక వాలెట్‌లో పైసా వెయ్యకముందే దాన్ని డిలీట్ చేసేయండి, ఆ పళ్ళెం చూసి పదాలు ఎక్కించి తిరిగి తెచ్చుకోండి, మొదటి అడ్రస్ ముందు రాసి పెట్టుకున్నదానితో అక్షరం అక్షరం కలిసిందో లేదో చూడండి. నాకు మొదటిసారి కలవలేదు, ఏడో పదంలో ఒక అక్షరం తప్పు కొట్టా.