బ్లాస్టింగ్ క్యాబినెట్ జోరుగా పనిచేయాలంటే ఏం చేయాలి?

బ్లాస్టింగ్ క్యాబినెట్ అంటే లోహపు భాగాల మీద గ్రిట్‌ను, అంటే గరుకు రేణువులను, గాలి జోరుతో కొట్టి తుప్పు వదిలించే మూసిన పెట్టె. తుప్పు త్వరగా వదలకపోతే చాలామంది చేయి ముందు గాలి ఒత్తిడిని మార్చే రెగ్యులేటర్ మీదికి వెళ్తుంది. ప్రెషర్ పెంచగానే గ్రిట్ పొడైపోతుంది, లోపలంతా ధూళి కమ్ముతుంది, పని మాత్రం అంతే నెమ్మదిగా సాగుతుంది. ఇళ్లలో వాడేవి ఎక్కువగా సైఫన్ రకం క్యాబినెట్లు. అంటే గన్‌లో దూసుకుపోయే గాలే గ్రిట్‌ను పైకి లాక్కోవాలి. ఆ గాలి చాలకపోతే మిగతావి ఎంత మార్చినా ఫలితం ఉండదు. కాబట్టి కంప్రెసర్ దగ్గర మొదలుపెట్టి గన్ మూతి అయిన నాజిల్ దాకా వరసగా చూసుకుంటూ రండి.

1. ట్రిగ్గర్ నొక్కి ఉంచి ప్రెషర్ చూడండి

క్యాబినెట్‌లోకి గాలి వెళ్లేచోట ఒక గేజ్ బిగించండి. ట్రిగ్గర్ వదిలినప్పుడు కనిపించే అంకెను పట్టించుకోవద్దు. నొక్కి ఒక నిమిషం అలాగే ఉంచండి. ముల్లు 90 నుంచి 50 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) ఒక్కసారిగా పడిపోతే దారి ఇరుకుగా ఉన్నట్టు: సన్నటి హోస్, చిన్న క్విక్ కప్లింగ్‌లు (హోస్‌ను టక్కున తగిలించే జాయింట్లు), మూసుకుపోయిన ఫిల్టర్. లోపలి కొలత 12 మి.మీ. ఉన్న హోస్ వేసి, పొడవు తగ్గించి, కప్లింగ్‌లు పెద్దవి పెట్టండి. అలా కాక ముల్లు మెల్లగా దిగుతూ పోతే కంప్రెసర్‌కు అంత గాలి ఇచ్చే శక్తి లేదు. పెద్ద ట్యాంకు కొంటే కాసేపు ఎక్కువ ఆడుతుంది, అంతే.

2. కంప్రెసర్‌కు తగిన జెట్ వేయండి

గన్ లోపల గాలి దూకే చిన్న రంధ్రమే జెట్. గాలి ఎంత ఖర్చవుతుందో తేల్చేది ఇదే. 80 పీఎస్ఐ దగ్గర 2.4 మి.మీ. జెట్‌కు సుమారు 8 నుంచి 11 సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అనే కొలత), 3.2 మి.మీ. జెట్‌కు 15 నుంచి 20 కావాలి. ఒక హార్స్‌పవర్ కంప్రెసర్ ఇచ్చేది 3, 4 సీఎఫ్ఎం మాత్రమే. అందుకే చిన్న కంప్రెసర్ ఉన్నవాళ్లు పెద్ద జెట్ జోలికి పోకూడదు. చిన్న జెట్‌తో వెడల్పు తగ్గినా దెబ్బ గట్టిగా పడుతుంది.

నాజిల్ రంధ్రం జెట్ కన్నా దాదాపు రెట్టింపు ఉండాలి. రెండూ అరుగుతాయి. 3 మి.మీ. జెట్ అరిగి 4 మి.మీ. అయితే చూడ్డానికి పెద్ద తేడా కనిపించదు కానీ రంధ్రం వైశాల్యం 78 శాతం పెరుగుతుంది, గాలి ఖర్చూ దాదాపు అంతే పెరుగుతుంది. డ్రిల్ బిట్ల వెనక భాగాన్ని దూర్చి నెలకోసారి కొలవండి. సిరామిక్ నాజిల్ త్వరగా అరుగుతుంది. తరచుగా పనిచేసేవాళ్లకు బోరాన్ కార్బైడ్ నాజిల్ ఖరీదైనా అదే గిట్టుబాటు.

3. నీళ్లు రాకుండా చూడండి

కంప్రెసర్ నుంచి వేడిగా వచ్చే గాలిలో నీరు ఆవిరిగా ఉంటుంది. గాలిలోని నీటిని పట్టే వాటర్ ట్రాప్‌ను కంప్రెసర్ మూతికే బిగిస్తే ఆవిరి దాన్ని దాటిపోయి, ముందుకెళ్లి చల్లబడి నీటి బొట్లవుతుంది. గాలిని కొన్ని మీటర్ల లోహపు పైపులో చల్లారనిచ్చి, ట్రాప్‌ను క్యాబినెట్ దగ్గర పెట్టండి. ట్యాంకు అడుగు నీళ్లు రోజూ వదిలేయండి.

4. గ్రిట్ ధార నిలకడగా ఉండాలి

గ్రిట్ హోస్‌ను గన్ దగ్గర ఊడదీసి, ఆ రంధ్రం మీద గ్లౌజు వేసుకున్న బొటనవేలు పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. వేలిని గట్టిగా లాగాలి. లాగకపోతే జెట్ సరైన లోతులో లేదు, లేదా నాజిల్ అరిగిపోయింది. జెట్‌ను కొంచెం కొంచెంగా ముందుకూ వెనక్కీ జరుపుతూ ఎక్కడ బాగా లాగుతుందో అక్కడ బిగించండి.

లాగుడు బాగున్నా ధార ఎగిరెగిరి పడుతుంటే గన్‌కు గ్రిట్ ఎక్కువవుతోంది. గ్రిట్‌ను అడుగు నుంచి లాక్కునే పికప్ ట్యూబ్‌లోకి గ్రిట్‌తో పాటు గాలీ వెళ్లాలి. ట్యూబ్ వెనక చివర పూర్తిగా మూసి ఉంటే ఒక చిన్న రంధ్రం వేయండి. గాలి మరీ ఎక్కువైతే ధార పలచబడుతుంది కాబట్టి రంధ్రాన్ని టేపుతో కొంచెం కొంచెం మూస్తూ సరిచేసుకోండి.

వాడిన గ్రిట్‌ను జల్లెడ పట్టండి. పెయింట్ పెచ్చు ఒక్కటి చాలు, నాజిల్‌కు అడ్డం పడడానికి. వేళ్ల మధ్య నలిపితే పిండిలా తగిలే గ్రిట్ ఇక పనికిరాదు. గ్రీజు ఉన్న భాగాలను ముందే కడిగి ఆరబెట్టండి, లేకపోతే గ్రిట్ ఉండలు కడుతుంది.

తుప్పుకు 80 నుంచి 120 మెష్ (రేణువుల సైజు) అల్యూమినియం ఆక్సైడ్, అల్యూమినియం భాగాలను మెరిపించడానికి 50, 60 పీఎస్ఐతో గ్లాస్ బీడ్స్ (సన్నటి గాజు పూసలు) వాడండి. ఇసుక మాత్రం ఎప్పుడూ వద్దు. దాని సన్నటి సిలికా ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. ఏ గ్రిట్ వాడినా, క్యాబినెట్ తెరిచేటప్పుడు ముఖానికి సరిగ్గా అమరే రెస్పిరేటర్ పెట్టుకోవాలి.

5. ధూళిని లాగేయండి, గ్రిట్‌ను కాదు

లోపల కనిపించకపోతే కొట్టినచోటే కొడుతుంటారు. వాక్యూమ్ పెట్టండి, కానీ దాని డబ్బాలో మంచి గ్రిట్ చేరుతుంటే లాగుడు ఎక్కువైనట్టు. క్యాబినెట్ గాలి ద్వారాన్ని కొంచెం పెద్దది చేసి, వాక్యూమ్ మూతి ముందు ఒక అడ్డరేకు పెట్టండి. గన్‌కూ క్యాబినెట్‌కూ ఎర్త్ వైరు కలిపితే చేతికి చురుక్కుమనే షాక్‌లు ఆగుతాయి.

6. గన్ పట్టుకునే తీరు

నాజిల్ 15 సెం.మీ. దూరంలో, 45 నుంచి 60 డిగ్రీల వాలులో ఉండాలి. నిటారుగా కొడితే వెనక్కి ఎగిరిన గ్రిట్ కొత్తగా వచ్చేదానికి అడ్డుతగిలి దెబ్బ చప్పబడుతుంది. పలచటి రేకు మీద ఒకేచోట ఆపితే రేకు వంకరపోతుంది. శుభ్రమైన ఇనుమును ఒట్టి చేత్తో ముట్టుకోకుండా అదేరోజు ప్రైమర్ వేసేయండి.