రంగులు తిరిగే ఆటకు బ్లాక్ అండ్ వైట్ చిట్కా

కాజీపేట నుంచి మంచిర్యాల పోయే రైల్ల సూపర్ హెక్సాగన్ (నడుమ షడ్భుజి చుట్టూ చిన్న త్రికోణాన్ని తిప్పుకుంట, మీదికొచ్చే గోడల సందుల నుంచి తప్పించుకునే ఫోన్ ఆట) ఆడితే, ఆ రంగులకు, గిరగిర తిరుగుడుకు జల్దిన కండ్లు గుంజుతయి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌ల యాక్సెసిబిలిటీకి పోయి, కలర్ కరెక్షన్‌ల గ్రేస్కేల్ (స్క్రీన్‌ను బ్లాక్ అండ్ వైట్ చేసేది) ఆన్ చేయండి. బ్రైట్‌నెస్ సగానికి దించండి. రంగులు పోయినా గోడ ఏదో, సందు ఏదో సాఫ్‌గ తెలుస్తది.

ఇంకోటి, నాకైతే ఇదే ముఖ్యం అనిపిస్తది: చూపు మీ చిన్న త్రికోణం మీద పెట్టకండి. నడుమ ఉన్న షడ్భుజి మీదనే ఉంచండి. అప్పుడు ఆరు దిక్కుల నుంచి వచ్చే గోడలన్నీ ఒక్కసారే కండ్ల పడతయి. లెవల్ దాటాలంటే 60 సెకన్లు నిలవాలె గదా, ఆ చూపే నిలబెడతది.

కలర్ స్విచ్ లాంటి, రంగు చూసి దాటే ఆటలకు మాత్రం గ్రేస్కేల్ పెట్టకండి, అస్సలు పనిచేయదు.