చలికాలం దాటేసరికి గులాబీ ఎండిపోయిందా? తేడా ఎక్కడొచ్చిందో ఇలా పట్టుకోండి

నేల గడ్డకట్టేంత చలి ఉండే చోట గులాబీ పోతే అందరూ నేరం చలి మీదకే నెట్టేస్తారు. కానీ చాలాసార్లు అసలు కారణం వేళ తప్పిన పనులే. ఎరువు ఆలస్యంగా వేస్తాం, కప్పడానికి మాత్రం తొందరపడతాం. మొక్కలో కనిపించే గుర్తును బట్టి కారణం వెతికితే వచ్చే ఏడాదికైనా పనికొస్తుంది.

కొమ్మలు కొసల నుంచి నల్లబడి కిందికి ఎండుతున్నాయి

లేత కొమ్మలు ముదరకముందే చలి పట్టుకుందన్నమాట. చలికి ముందు నత్రజని ఎరువు వేసినా, గట్టిగా కత్తిరించినా మొక్క కొత్త చిగుళ్ళు వేస్తుంది. నీరు నిండిన ఆ చిగుళ్ళే ముందు గడ్డకడతాయి.

వసంతంలో మొగ్గలు ఉబ్బడం మొదలయ్యాక కత్తెర పట్టండి. పైన బెరడు పచ్చగా ఉందని మోసపోవద్దు, కోసిన చోట మధ్యభాగం చూడండి. గోధుమరంగులో ఉంటే ఇంకాస్త కిందికి కోయండి. తెల్లగా కనిపించే దాకా, అవసరమైతే నేలకు జానెడు ఎత్తు వరకైనా వెళ్ళాల్సిందే. చేతులు రావు గానీ, మిగిల్చిన ఎండుకొమ్మ వల్ల ఉపయోగం లేదు. ఈసారి మాత్రం మొదటి గడ్డమంచు పడే రోజులకు 6 నుంచి 8 వారాల ముందే నత్రజని ఆపేయండి. వాడిన పూలు తుంచడం కూడా మానేసి కాయలు కట్టనివ్వండి. అప్పుడే మొక్క పెరుగుదల తగ్గించుకుని నిద్రకు సిద్ధపడుతుంది.

మొక్క బాగానే లేచింది, పూలే వేరేవి వస్తున్నాయి

పెద్ద గులాబీరంగు పూలు పూసిన మొక్కకు చిన్న చిన్న తెల్ల పూల గుత్తులో, ముదురు ఎర్ర పూలో వస్తుంటే పై అంటు చచ్చిపోయి, కింది వేరుమొక్క (అంటు కట్టడానికి కింద వాడిన వేరే రకం గులాబీ) లేచిందని అర్థం. దీనికి మందు లేదు. తవ్వి తీసేసి కొత్తది నాటుకోవడమే. అంటు బతికే ఉండి, పక్కనుంచి పిలక వస్తుంటే మాత్రం నేల మట్టానికి కోయకండి, మళ్ళీ వస్తుంది. మట్టి తీసి, అది పుట్టిన చోటి నుంచే లాగేయండి.

అంటు కట్టిన ముడిని కాపాడటమే చలికాలపు పనుల్లో ముఖ్యమైనది, మిగతావన్నీ దాని తర్వాతే. బాగా చలి ఉండే చోట నాటేటప్పుడే ఆ ముడి నేలకు 2, 3 అంగుళాల లోతున ఉండాలి. కొన్నిసార్లు గడ్డమంచు పడి ఆకులు రాలాక, మొదలు చుట్టూ 10 నుంచి 12 అంగుళాల ఎత్తున మట్టో కంపోస్టో కుప్ప పోయండి. ఆ మట్టి వేరే చోటి నుంచి తేవాలి. పక్కనే గీకి పోస్తే పైపై వేళ్ళు బయటపడి అసలుకే మోసం వస్తుంది. సొంత వేళ్ళ మీద పెరిగిన గులాబీకి ఈ టెన్షన్ తక్కువ, పైన ఎండినా మొదట్లోంచి అదే పూలతో లేస్తుంది.

కప్పు తీస్తే కాండం మీద బూజు, నల్లటి మచ్చలు

నేల ఇంకా వెచ్చగా ఉండగానే కప్పేశారు, లేదా గాలాడని ప్లాస్టిక్ చుట్టారు. ఎండ కాసిన రోజు లోపల ఆవిరి పట్టి, రాత్రికి గడ్డకడుతుంది. కప్పేది మొక్కకు వెచ్చదనం ఇవ్వడానికి కాదు, నేల ఒకే తీరుగా చల్లగా ఉండటానికి. కరగడం, మళ్ళీ గడ్డకట్టడం, ఈ దోబూచులాటే వేళ్ళను పైకి ఎగదోస్తుంది. మచ్చ పడిన కొమ్మలు కోసేసి, ఈసారి గోనెపట్టా వాడండి.

మొదట్లో మట్టి కదిలి గుంట పడింది

పొడవాటి కొమ్మలు గాలికి ఊగి మొదలును కదిలించాయి. ఆ గుంటలో నీళ్ళు చేరి గడ్డకడితే ముడికే దెబ్బ. మట్టి నొక్కి సరిచేయండి. చలికి ముందు కొమ్మల్ని మూడో వంతు మాత్రమే తగ్గించండి, అసలు కత్తిరింపు వసంతానిదే.

కొమ్మలు ముడతలు పడి ఎండాయి

ఇది దాహం. నేల గడ్డకట్టాక వేళ్ళు నీరు తీసుకోలేవు, చలిగాలి మాత్రం కొమ్మల్లోని తేమ లాగేస్తూనే ఉంటుంది. నేల గట్టిపడకముందే పాదు లోతుగా తడపండి.

మొదట్లో బెరడు కొరికినట్టుంది

ఎలుకలు. కప్పిన ఆకుల్లో కాపురం పెడతాయి. చుట్టూ సన్నకళ్ళ ఇనుప జాలీ పాతండి.

వసంతం రాగానే ఆకులపై నల్లమచ్చ

నిరుటి రాలిన ఆకుల్లోనే ఆ శిలీంధ్రం చలికాలం గడిపింది. కప్పే ముందు ఆకులన్నీ ఏరేయండి, కంపోస్టులో వేయొద్దు.

కుండీలో మొక్క మొత్తం పోయింది

కుండీకి నాలుగువైపులా చలి తగులుతుంది. వేళ్ళు కొమ్మలంత చలిని తట్టుకోలేవు. ఆకులు రాలాక, వేడి చేయని గ్యారేజీ లాంటి చోట పెట్టి, మట్టి పూర్తిగా ఎండిపోకుండా అప్పుడప్పుడు కాసిని నీళ్ళు పోస్తే చాలు.

ఎంత చూసినా చిగురు లేదు

పీకేయకండి. గోటితో బెరడు గీకితే లోపల పచ్చగా ఉందా? ప్రాణం ఉన్నట్టే. లేకపోయినా కొన్ని వారాలు ఆగండి, మొదట్లోంచి ఆలస్యంగా మొలవొచ్చు. చలికి మొదలు చుట్టూ పోసిన మట్టి కుప్పను ఒక్కసారిగా తీయకుండా, చలి తగ్గేకొద్దీ కొంచెం కొంచెంగా తీయండి. అడుగుకు వచ్చాక పార పక్కన పెట్టి చేత్తోనే తీయాలి. పాలిపోయిన లేత మొలకలు అక్కడే ఉంటాయి, తగిలితే పుటుక్కున విరుగుతాయి.