బాకులాలో డిస్కు వాల్యూములు మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ దుకాణాల్లోనూ శీతల గోదాముల్లోనూ ఇప్పుడు లెక్కలన్నీ కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. తక్‌పట్టీ (రైతు సరుకు అమ్మకం లెక్కల చీటీ) వివరాలో గోదాము బాండు వివరాలో పోతే రైతుకు జవాబు చెప్పలేం. అందుకే అలాంటి కార్యాలయాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. అక్కడి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ బాకులా, బ్యాకప్ వెళ్లేది లినక్స్ సర్వరుకు తగిలించిన 4 టెరాబైట్ల డిస్కుకు అనుకుందాం. బాకులా పద్ధతులన్నీ టేపులను దృష్టిలో పెట్టుకుని రూపొందినవి. డిస్కు మీద కూడా అది ఒక్కో ఫైలును ఒక్కో టేపులాగే చూస్తుంది. ఆ ఫైలే వాల్యూము.

లక్షణం: రాత్రి మొదలైన బ్యాకప్ తెల్లవారినా కదలదు. రాయడానికి వీలైన వాల్యూము కోసం ఎదురుచూస్తున్నట్లు సందేశం వస్తుంది.

కారణం: కన్సోల్‌లో, అంటే బాకులాకు ఆదేశాలిచ్చే చోట, ‘లిస్ట్ వాల్యూమ్స్’ ఆదేశం ఇచ్చి చూడండి. వాల్యూములన్నీ ‘ఫుల్’ (నిండిన) స్థితిలో ఉండి, ఏ ఒక్కదానికీ నిల్వ గడువు తీరక, కొత్తది సృష్టించడానికి ‘మాగ్జిమమ్ వాల్యూమ్స్’ పరిమితి అడ్డుపడితే ఇలా జరుగుతుంది. అసలు పరిమితే పెట్టకపోవడం ఇంకా ప్రమాదం. డిఫాల్ట్‌గా వాల్యూముల సంఖ్యకు హద్దు లేదు, గడువేమో 365 రోజులు. ఈలోగా డిస్కు నిండిపోయినా బాకులా పాత వాల్యూములను ముట్టుకోదు. ముట్టుకోకూడదు కూడా, ఎందుకంటే ఏడాది పాటు భద్రంగా ఉంచమని ఆ గడువుతో చెప్పింది మనమే.

పరిష్కారం: వాల్యూము పరిమాణం, సంఖ్య, గడువు మూడింటినీ కలిపి లెక్కకట్టాలి. 4 టెరాబైట్లని అమ్మే డిస్కు 1024 లెక్కన సుమారు 3,725 గిగాబైట్లే. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ అందులో 5 శాతాన్ని డిఫాల్ట్‌గా రూట్ యూజరు కోసం పక్కన పెడుతుంది. స్టోరేజీ డీమన్ (డిస్కు మీద రాసే బాకులా ప్రోగ్రాము) రూట్‌గా కాక వేరే యూజరుగా నడుస్తుంటే ఆ చోటు దానికి అందదు. కాన్ఫిగరేషన్‌లో ‘జీ’ అని రాస్తే 1024 లెక్క, ‘జీబీ’ అని రాస్తే 1000 లెక్క అన్నది కూడా గమనించండి. ఇవన్నీ చూసుకుని 50 ‘జీ’ చొప్పున 60 వాల్యూములు, అంటే 3,000 గిగాబైట్ల దగ్గర ఆగమని నా సలహా.

ఇక గడువు. వారానికోసారి ఫుల్ బ్యాకప్ (మొత్తం డేటా) 200 గిగాబైట్లు, మిగతా ఆరు రోజులూ ఇంక్రిమెంటల్ (మారినవి మాత్రమే) 20 చొప్పున అనుకుంటే వారానికి 320. ఈ లెక్కన తొమ్మిది వారాలు హాయిగా పడతాయి. కానీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు సరుకు పోటెత్తుతుంది. రోజువారీ మార్పు 60కి పెరిగితే వారానికి 560 అవుతుంది, అప్పుడు పట్టేది అయిదు వారాలే. వాల్యూములో చివరిసారి రాసిన సమయం నుంచే గడువు మొదలవుతుంది కనుక, ఒక వారం వెసులుబాటు ఉంచుకుని 28 రోజులు పెట్టాలి. ఖాళీ నెలల సగటు చూసి 60 రోజులు పెడితే, సరిగ్గా మార్చిలో, గుమాస్తాలకు ఊపిరాడని రోజుల్లో బ్యాకప్ ఆగిపోతుంది. ఎప్పుడైనా సీజను రోజుల అంకెలనే లెక్కలోకి తీసుకోండి.

లక్షణం: పూల్‌లో (ఒకే రకం నియమాలున్న వాల్యూముల గుంపు) గడువు తగ్గించి రీలోడ్ చేసినా ఏ మార్పూ లేదు.

వాల్యూము పుట్టినప్పుడున్న విలువలే కేటలాగ్‌లో, అంటే బాకులా వివరాలు రాసుకునే డేటాబేసులో, దాని పేరున నమోదై ఉంటాయి. పూల్‌లో చేసిన మార్పు కొత్త వాల్యూములకే వర్తిస్తుంది. కన్సోల్‌లో ‘అప్‌డేట్’ ఆదేశం ఇచ్చి, వాల్యూము పారామీటర్లు ఎంచుకుని, ఆ పూల్‌లోని అన్ని వాల్యూములకూ కొత్త విలువలు వర్తింపజేయండి.

లక్షణం: వాల్యూము ‘పర్జ్‌డ్’ (వివరాలు తుడిచేసినది) అని చూపిస్తున్నా డిస్కులో చోటు పెరగదు.

పర్జ్ అయ్యేది కేటలాగ్‌లోని వివరాలు మాత్రమే. ఆ వాల్యూమును మళ్లీ వాడుకునే దాకా ఫైలు అంతే పరిమాణంలో ఉంటుంది. సంఖ్యకు పరిమితి పెట్టి ఉంటే దీన్ని పట్టించుకోనక్కర్లేదు. చోటు వెంటనే కావాలంటే పూల్‌లో ‘యాక్షన్ ఆన్ పర్జ్’ను ‘ట్రంకేట్’ (ఫైలును కుదించడం)గా మార్చి, పైన చెప్పినట్లు పాత వాల్యూములకూ వర్తింపజేసి, ఆ తర్వాత ట్రంకేట్ ఆదేశం ఇవ్వండి.

దయచేసి ఫైలును మాత్రం చేత్తో తొలగించకండి. ఫైలు పోయినా అది ఉందనే కేటలాగ్ నమ్ముతుంది. రీస్టోర్ చేయబోయిన రోజున ఆ నమ్మకం మీకు ఏ రకంగానూ పనికిరాదు. ఇప్పటికే తొలగించి ఉంటే, అందులో ఏ జాబులు (ఒక్కోసారి నడిచిన బ్యాకప్‌లు) ఉన్నాయో రాసి పెట్టుకుని, కన్సోల్ నుంచే ఆ వాల్యూమును డిలీట్ చేసి, వెంటనే ఫుల్ బ్యాకప్ నడపండి.

లక్షణం: కరెంటు పోయి వచ్చాక పాత వాల్యూములు కనబడవు, లేదా సర్వరు సొంత డిస్కు నిండిపోతుంది.

వేసవి కోతల్లో యూపీఎస్ చేతులెత్తేస్తే ఇది మామూలే. సర్వరు తిరిగి లేచింది గానీ బ్యాకప్ డిస్కు మౌంటు కాలేదు, అంటే దాని ఫోల్డరుకు జతపడలేదు. ఖాళీ మౌంటు ఫోల్డరు సర్వరు సొంత డిస్కులోదే కనుక, బాకులా కొత్త వాల్యూములను అక్కడే రాసేసింది. స్టోరేజీ డీమన్‌ను ఆపండి. ఆ ఫోల్డరులోని కొత్త ఫైళ్లను వేరేచోటికి తరలించి, డిస్కును మౌంటు చేసి, అవే పేర్లతో డిస్కులోకి చేర్చండి. మళ్లీ జరగకుండా ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ మౌంటు కావాలో చెప్పే ఫైలు) పరికరం పేరుకు బదులు యూయూఐడీ (డిస్కు ప్రత్యేక గుర్తింపు సంఖ్య) రాయండి. సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీలో ‘రిక్వయర్స్ మౌంట్స్ ఫర్’ పెడితే డిస్కు మౌంటయితే తప్ప డీమన్ మొదలుకాదు. కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న వాల్యూము ‘ఎర్రర్’లోకి వెళ్తే దాన్ని బలవంతంగా ‘అపెండ్’ (ఇంకా రాయవచ్చు)కు మార్చకండి. ‘యూజ్‌డ్’ (ఇక రాయకూడదు)గా మార్చి, ఆ జాబును మళ్లీ నడపండి.

లక్షణం: రెండో స్టోరేజీ జోడించాక రీస్టోర్ తప్పు చోట వెతుకుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తడం చూశాక, రెండో ప్రతి వేరే ఊళ్లో ఉండాలని ప్రత్యేకించి చెప్పనక్కర్లేదు. గుంటూరు కార్యాలయం విజయవాడలో రెండో స్టోరేజీ పెట్టుకుని, రెండింటికీ ‘మీడియా టైప్’ (స్టోరేజీ రకానికి మనం పెట్టే పేరు) ఒకటే ఇస్తే, ఏ వాల్యూము ఎక్కడుందో బాకులా తేల్చుకోలేదు. పాతదాన్ని కదపకుండా కొత్త స్టోరేజీకి వేరే మీడియా టైప్ పేరు పెట్టండి. డైరెక్టర్‌లోనూ (బ్యాకప్‌లను నడిపించే బాకులా ప్రోగ్రాము) స్టోరేజీ డీమన్‌లోనూ ఆ పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. బ్యాకప్ డేటాను క్లయింటు (బ్యాకప్ తీయాల్సిన కంప్యూటరు) నేరుగా స్టోరేజీకే పంపుతుంది. కాబట్టి స్టోరేజీ చిరునామా దగ్గర ‘లోకల్‌హోస్ట్’ (ఇదే కంప్యూటరు) అని రాయకుండా క్లయింట్లకు అందే చిరునామా ఇచ్చి, ఫైర్‌వాల్‌లో 9103 పోర్టు తెరవండి.