ఇంటి వస్తువులతో అల్లిక సూదులు – 3వ పాఠం: మొన తగాదా

ఈసారి గుండ్రటి అల్లిక, అంటే అతుకు లేకుండా గొట్టంలా అల్లడం, మొదలెట్టాలి. కుదరదు. పోయిన పాఠంలో వెదురు పుల్లలతో సూదులు చేసినవాళ్ళలో చాలామందిది ఒకటే గోల: "కుట్లు బిగుసుకుపోయి సూది మీద కదలడం లేదండీ." దారం మరీ లాగుతున్నావని ఇంట్లో అత్తగారో, అమ్మో అనే ఉంటారు. ముందు సూది మొన చూడండి. చాకుతో రెండంగుళాల పొడవున వాలుగా చెక్కేశారు కదా?

కొత్త కుట్టు పుట్టేది ఆ వాలు మీదే. అక్కడ పుల్ల లావు 2 మి.మీ. ఉంటే కుట్టు కూడా ఆ కొలతకే వస్తుంది. తర్వాత దాన్ని 4 మి.మీ. లావు మీదకి నెట్టాలంటే అది ఎందుకు కదులుతుంది? నరసాపురం వైపు కొక్కెం సూదితో లేసు అల్లేవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. కొక్కెం కింద సన్నటి మెడ దగ్గరే దారం బిగిస్తే తర్వాతి లూప్ రాదని వాళ్ళ వేళ్ళకే తెలుసు. ఇక్కడా అంతే. వాలు ఒక్క సెంటీమీటరు చాలు. కుట్టు వేయగానే దాన్ని పూర్తి లావు ఉన్నచోటికి జరిపి, అప్పుడు దారం సర్దండి. మొన మీద ఉండగా బిగించకండి. మళ్ళీ చెబుతున్నాను, మొన మీద బిగించకండి.

చివర ఇచ్చిన సాధనలో మొదటి 30 వరుసలు అయ్యాక పాత మొన కోసి పారేయండి. నేనైతే చాకు ముట్టను. పిల్లల షార్పనర్‌లో పుల్లని ఒక పక్కకి ఆనించి తిప్పుతాను, కొసని ఉప్పుకాగితంతో మొద్దు చేస్తాను, కొవ్వొత్తి రుద్దుతాను. కొబ్బరినూనె వద్దు, దారానికి అంటుకుంటుంది.

కోనసీమ వాళ్ళు కొబ్బరి ఈనెలు పనికొస్తాయా అని అడిగారు. రావు. ఈనె మొదలు నుంచి కొస దాకా సన్నబడుతూనే ఉంటుంది, అంటే అదంతా మొనే! పైగా వంగుతుంది. కాసేపు కుట్లు ఎక్కించి పక్కన పెట్టుకోడానికి మాత్రం బాగుంటుంది.

గొడుగు ఊచలూ వద్దు, చాలావాటికి లోపల గాడి ఉంటుంది, దారం ఇరుక్కుంటుంది. సైకిల్ ఊచ సుమారు 2 మి.మీ. ఉంటుంది, సన్నటి లేసు దారానికి బాగా సరిపోతుంది. మర ఉన్న కొస, వంగిన కొస రెండూ కోయించండి. తుప్పు మాత్రం చూసుకోవాలి. అంతర్వేది ఉప్పుగాలికి నాలుగు రోజులు బయట పడేస్తే తెల్ల దారం మీద మరకలు ఖాయం. గుర్తులకి పిన్నీసులు, సూది వెనక కుట్లు జారకుండా రబ్బరు బ్యాండు. వీటికి వేరే పాఠం అక్కర్లేదు.

సాధన: పాత పొడుగు మొనతోనే 20 కుట్లు, 30 వరుసలు అల్లండి. విప్పకుండా, మొన సరిచేసి అదే ముక్క మీద మరో 30 వరుసలు. రెండు చోట్లా వెడల్పు స్కేలుతో కొలిచి రాసుకోండి. ఆ తర్వాత సూదులకి రెండో కొస కూడా చెక్కి, అదే లావుతో ఇంకో రెండు చేసి ఉంచండి. గుండ్రటి అల్లికకి నాలుగు కావాలి.