క్యారీ పిస్టల్‌కి రెడ్ డాటా, లేజరా? చలికాలం చీకట్లకి ముందు చూసుకోవాల్సినవి

నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుగుతుంది. మర్నాటి నుంచి డాలస్‌లో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. రాత్రి ఎనిమిదికి షాపు మూసి కారు దాకా నడిచే ఆ నలభై అడుగులు జూన్‌లో అయితే ఇంకా వెలుతురుగానే ఉంటాయి. ఇప్పుడు పార్కింగ్‌లో ఒక్క దీపం ఆరిపోయినా ఎదురొచ్చే మనిషి మొహం కనపడదు. గ్యాస్ స్టేషన్లు, చిన్న స్టోర్లు నడిపే మనవాళ్లు ఏటా ఈ రోజుల్లోనే నాకు ఫోన్ చేస్తారు. "అన్నా, చీకట్లో పిస్టల్ ముందు సైటే కనపడట్లేదు. లేజర్ పెట్టించమంటావా, రెడ్ డాటా?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి రెడ్ డాట్, అంటే అద్దంలో వెలిగే చుక్కతో గురి చూసే సైట్, మేలు. లేజర్ దానికి తోడుగా పనికొస్తుంది. ఏది పెట్టించినా ఐరన్ సైట్లు, అంటే పిస్టల్‌తో వచ్చిన మామూలు గురి గుర్తులు, తీయించొద్దు. కొత్త సైట్ పెట్టాక కనీసం ఒక నెల ఆ పిస్టల్‌ని రేంజ్‌కి (కాల్పుల సాధన చోటుకి) మాత్రమే తీసుకెళ్లండి, నడుముకి పెట్టుకోకండి.

అన్నిటికంటే ముందు వీసా సంగతి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టంలో నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి కానీ, వాటిని నమ్ముకునే ముందు లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డు వచ్చాక, సిటిజన్ అయ్యాక వీసా అడ్డు ఉండదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టపరంగా ఏ నిషేధమూ లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ క్యారీ చేయొచ్చు, అంటే వెంట పెట్టుకుని తిరగొచ్చు. అయినా లైసెన్స్ క్లాసుకి వెళ్లమనే చెబుతాను. ఎక్కడికి తీసుకెళ్లకూడదో, ఎప్పుడు తీయకూడదో అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లు అక్కడి చట్టం చూసుకోవాలి.

ఇక సైట్ల సంగతి. రెడ్ డాట్‌లో ఒక చిన్న ఎల్ఈడీ వెలుగు అద్దానికి తగిలి తిరిగి మన కంటికి వస్తుంది. ఆ చుక్క ఎదుటి వస్తువు మీద పడదు, మనకొక్కరికే కనపడుతుంది. ఐరన్ సైట్లతో అయితే కన్ను వెనక సైటు, ముందు సైటు, టార్గెట్, ఈ మూడింటి మధ్యా తిరగాలి. రెడ్ డాట్‌తో రెండు కళ్లూ తెరిచి టార్గెట్‌నే చూస్తుంటే చుక్క దాని మీద తేలుతుంది. చత్వారం వచ్చి ముందు సైటు మసకబారినవాళ్లకి ఇది నిజంగా పెద్ద ఆసరా. లేజర్ కిరణం అలా కాకుండా నేరుగా వెళ్లి టార్గెట్ మీదే చుక్క వేస్తుంది.

కొనే ముందు మీ కన్ను ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. నా కుడి కంటికి ఆస్టిగ్మాటిజం (కంటి వంపులో తేడా వల్ల వచ్చే చూపు లోపం) ఉంది. మొదటిసారి షాపులో రెడ్ డాట్‌లోంచి చూస్తే, చెమటకి చెదిరిన కుంకుమ బొట్టులా కిందికి జారిన మరక కనిపించింది. సైటే పాడైందనుకుని వెనక్కి ఇచ్చేయబోయాను. కౌంటర్ దగ్గర ఉన్న పెద్దాయన అదే అద్దంలోంచి ఫోన్‌తో ఫొటో తీయమన్నాడు. ఫొటోలో చుక్క గుండ్రంగా ఉంది. లోపం నా కంటిదని అప్పుడు తెలిసింది. కళ్లజోడు పెట్టుకుని, వెలుగు రెండు మెట్లు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంది. కొందరికి ఆకుపచ్చ చుక్క, ఇంకొందరికి చుట్టూ వలయం ఉన్న గుర్తు బాగుంటాయి. అందుకే ఆన్‌లైన్‌లో డీల్ వచ్చిందని కొనేయకండి, ఒక్కసారైనా కంటికి పెట్టుకుని చూడండి.

చుక్క సైజుని ఎంఓఏ లెక్కలో చెబుతారు. ఒక ఎంఓఏ అంటే వంద గజాల దూరంలో సుమారు అంగుళం. 6 ఎంఓఏ చుక్క పది గజాల దగ్గర అర అంగుళం కంటే కాస్త ఎక్కువ చోటు కప్పుతుంది. క్యారీకి అది చిక్కే కాదు, కంటికి త్వరగా దొరుకుతుంది కూడా. 2 లేదా 3 ఎంఓఏ చుక్క దూరాల గురికి బాగుంటుంది.

రెడ్ డాట్లలో వెలుగు గింజ (ఎల్ఈడీ) బయటికి తెరిచి ఉండే మోడల్స్ తేలిగ్గా, చవగ్గా ఉంటాయి. కానీ ఒక్క వాన చినుకో, చొక్కా నూలుపోగో ఆ గింజ మీద పడితే చుక్క చెదిరిపోతుంది, ఒక్కోసారి మాయమవుతుంది. హ్యూస్టన్ వైపు ఏసీలోంచి బయటికి రాగానే అద్దం మీద ఆవిరి పడుతుంది. రోజంతా చొక్కా కింద మోసేవాళ్లకి డబ్బాలా మూసి ఉండే రకం కొంచెం ఖరీదైనా మంచిది. వారానికోసారి మెత్తటి గుడ్డతో అద్దం తుడవాలి.

రెడ్ డాట్ అసలు చిక్కు వేరే ఉంది. పిస్టల్ పైకి తీసినప్పుడు గొట్టం మూతి కాస్త ఎత్తుగా ఉన్నా అద్దంలో చుక్క ఉండదు. కొత్తవాళ్లు అక్కడే ఆగిపోయి పిస్టల్‌ని అటూ ఇటూ ఊపుతూ వెతుకుతారు. నేనూ మొదటి రెండు వారాలు అలాగే వెతికాను. దీనికి మందు ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో సాధన చేయడమే. మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీసేయండి, స్లయిడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగి ఛాంబర్‌ని (తూటా కూర్చునే చోటుని) కంటితో చూడండి, వేలు పెట్టి తడమండి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. అవతల మనిషి ఉండే గది గోడ వైపు తిప్పకండి. రోజూ పది నిమిషాలు చాలు. ముందు ఐరన్ సైట్లు వరసలోకి తెస్తే చుక్క వాటి మీదే కూర్చుని ఉంటుంది. అందుకే అద్దంలోంచి కనపడేంత ఎత్తు ఐరన్ సైట్లు ఉండాలంటాను. బ్యాటరీ పోయిన రోజు కూడా అవే దిక్కు.

మరి లేజర్ ఎప్పుడు? పిస్టల్‌ని కంటి ఎత్తుకి తేలేని పరిస్థితుల్లో. కింద పడిపోయినప్పుడు, ఒక చేత్తో పిల్లని వెనక్కి నెడుతున్నప్పుడు, భుజం నొప్పితో చేయి చాపలేని పెద్దవాళ్లకి అది పనికొస్తుంది. సాధనలో కూడా మంచి గురువు. ఖాళీ పిస్టల్ ట్రిగర్ లాగినప్పుడు గోడ మీది చుక్క ఎటు ఎగిరిందో చూస్తే చేతి తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

కానీ లేజర్ పగటిపూట మోసం చేస్తుంది. మధ్యాహ్నం అవుట్‌డోర్ రేంజ్‌లో ఏడు గజాల దూరంలో ఉన్న తెల్ల కాగితం మీద నా ఎర్ర చుక్క కోసం వెతుక్కున్నాను. ఆకుపచ్చది కంటికి బాగా ఆనుతుంది, అయితే బ్యాటరీ త్వరగా తింటుంది. టెన్షన్‌లో ఉన్న మనిషి ఆ చుక్క కోసమే చూస్తూ చుట్టుపక్కల ఏం జరుగుతోందో వదిలేసే ప్రమాదం కూడా ఉంది.

ఇంకొక్కటి చాలా జాగ్రత్తగా వినండి. పిడికి బిగించే లేజర్లలో కిరణం స్లయిడ్ కిందుగా, కుడి పక్క నుంచి వస్తుంది. కుడిచేతి వాటం వాళ్లు వేలిని నియమం ప్రకారం ఫ్రేమ్ (ట్రిగర్ పైన ఉండే పిస్టల్ ఒళ్లు) మీద చాపి పెడితే, ఆ వేలే కిరణానికి అడ్డం వస్తుంది. చుక్క కనపడలేదని వేలు దించి ట్రిగర్ మీదికి తెచ్చేవాళ్లని కళ్లారా చూశాను. అలా ఎప్పుడూ చేయకండి. చుక్క కనపడకపోయినా ఫర్వాలేదు, కాల్చాలని తేల్చుకునేదాకా వేలు ఫ్రేమ్ మీదే ఉండాలి. లేజర్‌ని ఎవరి కళ్లలోకీ కొట్టకూడదు, అద్దాలకీ టీవీ తెరకీ కూడా. విమానం వైపు తిప్పితే ఫెడరల్ నేరం, ఐదేళ్ల దాకా జైలు.

బిగింపు దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. నా మొదటి రెడ్ డాట్‌ని ఒక షాపులోనే బిగించారు. రెండొందల తూటాలయ్యాక టార్గెట్ మీద దెబ్బలు జానెడు ఎడమకి పోవడం మొదలైంది. తప్పు నాదేననుకుని మరో యాభై కాల్చాను. తీరా చూస్తే ఒక స్క్రూ వేలితో తిప్పితే తిరిగింది. ఆ పిస్టల్‌ని మూడు వారాలుగా నడుముకి పెట్టుకుని తిరుగుతున్నానన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అప్పటి నుంచి నేనే బిగించుకుంటున్నాను. స్క్రూలని, రంధ్రాలని ఆల్కహాల్‌తో తుడిచి జిడ్డు పోగొట్టాలి. నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క వేయాలి, ఎరుపుది వద్దు. తయారీదారు చెప్పిన ఇంచ్-పౌండ్ల లెక్కకే టార్క్ డ్రైవర్‌తో (బిగింపు బలం కొలిచే స్క్రూడ్రైవర్‌తో) బిగించి ఒక రోజంతా ఆరనివ్వాలి. ఆ సైట్‌కి, దాన్ని పిస్టల్‌కి కలిపే ప్లేట్‌కి ఇచ్చిన స్క్రూలే వాడాలి. గ్లాక్ లాంటి వాటిలో పొడవు ఎక్కువైన స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసింగ్‌ని లాగే కొక్కెం) భాగాల గాడిలోకి దిగిందంటే ఖాళీ కేసింగ్ బయటికి రాక పిస్టల్ జామ్ అవుతుంది. చివరికి మా ఆవిడ గోళ్ల రంగుతో స్క్రూ తల మీంచి సైట్ బాడీ మీదికి సన్నగా ఒక గీత గీస్తాను. స్క్రూ వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. రోజూ హోల్‌స్టర్‌లో (పిస్టల్ తొడుగులో) పెట్టే ముందు ఆ గీత చూడటానికి ఒక్క క్షణం చాలు.

గురి సరిచేయడానికి పది నుంచి పదిహేను గజాలు బాగుంటుంది. ఆఖర్న కొన్ని తూటాలు మీరు క్యారీ చేసే రకంతోనే కాల్చి చూడండి. రెడ్ డాట్ గొట్టం కంటే ఎత్తున ఉంటుంది కాబట్టి మూడు గజాల దగ్గర దెబ్బ కాస్త కిందికి తగులుతుంది. లేజర్ పక్కగానో కిందుగానో ఉంటుంది కాబట్టి గురి పెట్టిన దూరం దాటాక అవతలి పక్కకి జారుతుంది. రెండింటినీ మూడు, ఏడు, పదిహేను గజాల్లో కాల్చి తేడా ఎంతో కళ్లతో చూసుకోండి.

పాత హోల్‌స్టర్ చాలా సందర్భాల్లో పనికిరాదు. రెడ్ డాట్‌కి పైన కోత ఉన్నది, లేజర్‌కి ఆ మోడల్‌కే చేసినది కావాలి. సరిపోని దాంట్లోకి బలవంతంగా నొక్కడం ట్రిగర్‌తో ఆడుకోవడమే.

సొంతంగా వెలుగు సర్దుకునే సైట్ల గురించి ఒక హెచ్చరిక. మీరు చీకట్లో నిలబడి ఎదుటికి టార్చ్ కొడితే, సైట్ మీ చుట్టూ ఉన్న చీకటిని చూసి చుక్కని మసకబరుస్తుంది. ఆ తెల్లటి వెలుగులో చుక్క కనపడదు. ఇంట్లో దీపాలార్పి, తెల్లగోడ మీద టార్చ్ వేసి, ఏ మెట్టు దగ్గర చుక్క నిలుస్తుందో చూసుకోండి. పిస్టల్‌కి బిగించకముందే, సైట్ ఒక్కదానితో చేసినా చాలు.

బ్యాటరీ 50,000 గంటలు వస్తుందని పెట్టె మీద రాసినా నేను ఏటా ఉగాదికి మార్చేస్తాను. చేదు పూత వేసిన సీఆర్2032లు (బిళ్ల బ్యాటరీలు) కొన్ని సైట్లలో కాంటాక్ట్ సరిగ్గా ఇవ్వవు, పూత లేనివి అడగండి. తీసిన పాత బిళ్లని బల్ల మీద వదలొద్దు. చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. పిస్టల్ మాత్రం తాళం పెట్టెలోనే ఉండాలి. టెక్సస్‌లో తూటా నిండిన పిస్టల్‌ని అజాగ్రత్తగా వదిలి, అది 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే ఆ నేరం మీ మీదే పడొచ్చు.

సంక్రాంతికి ఇండియా వెళ్లేవాళ్లు ఒక పని చేయండి. గురి సరిచేయడానికి రేంజ్‌కి తీసుకెళ్లిన సంచిని ప్రయాణానికి వాడకండి. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో 2023లో 6,737 తుపాకులు చెక్‌పాయింట్ల దగ్గర దొరికాయి. ఇండియాలో సంచి మూల ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెట్టి ఆపేస్తారు. నిరుడు డిసెంబర్‌లో నా బ్యాక్‌ప్యాక్‌ని మంచం మీద బోర్లించి దులిపితే, పక్క జేబు కుట్టులోంచి ఒక 9 ఎంఎం తూటా దుప్పటి మీద పడింది. ఫ్లైట్ మర్నాడు పొద్దున్నే. ఆ సంచికి ఎర్ర రిబ్బన్ కట్టి గన్ సేఫ్ పక్కన పెట్టేశాను, అప్పటి నుంచి రేంజ్‌కి తప్ప ఎక్కడికీ రాదు.